బంచరాయిలో పచ్చిక: అడవి జీవులకు మేతనేల సిద్ధపరచుట

పోచంపల్లి పేరు విననివారు మన దేశమున అరుదు. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబా భావే కాలినడకను ఆ గ్రామము చేరినప్పుడు, భూమి లేని దళిత కుటుంబములవారు తమ బ్రతుకుతెరువునకు 80 ఎకరముల భూమి కావలెనని కోరిరి. అచ్చటనే ఉన్న వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయినది.

ఆనాడు అడిగినవారికి నోరున్నది. అడవి జీవులకు నోరు లేదు. ఆకలి కలిగినప్పుడు అవి అర్జీ పెట్టుకొనజాలవు. రాత్రివేళ పైరుమీద పడును. మంచె మీద కూర్చుండి డబ్బా వాయించుచు తెల్లవార్లు మేలుకొను రైతు బాధను పంచాయతీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. వేరుసెనగ చేను అడవిపందుల పాలగుట, మొలక దశలోని కందిని జింకలు కొరికివేయుట, చల్లిన గింజలను నెమళ్లు ఏరుకొనుట, ఇవన్నియు నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతములలో నిత్యము వినవచ్చు సంగతులే.

దీనికి విరుగుడుగా కొన్ని గ్రామములలో ఒక ఆలోచన కలుగుచున్నది. ఊరి ఉమ్మడి నేలలో కొన్ని ఎకరములను అడవి జీవుల మేతకై విడిచి, అచ్చట పచ్చిక పెంచినచో అవి చేలమీదికి వచ్చుట తగ్గునేమో అనునదే ఆ ఆలోచన. మంచి ఆలోచనయే. కాని ఎట్లు చేయవలెనో తెలియక చేసినచో మేలునకు బదులు కీడు కలుగును. పోచంపల్లి 2018లో పురపాలక సంఘమైనది. దాని చుట్టునున్న పల్లెలు పంచాయతీలుగనే ఉన్నవి. ఆ పల్లెల సభ్యులను, వారి వంటి మెట్టప్రాంతపు సభ్యులందరిని ఉద్దేశించి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటే. గడ్డినేలను మేతనేలగా మార్చుట అనగా దున్నుట కాదు. ఉన్న గడ్డిని గుర్తించి, దానికి పట్టిన చీడను తొలగించి, దానిని ఎదుగనిచ్చుటయే అసలు పని. నాగలి పని అందులో పదింట ఒక పాలు మాత్రమే.

గడ్డి ఎక్కడికి పోయినది?

ఒకప్పుడు మన ప్రాంతమున దాదాపు ప్రతి గ్రామమునకును పశువుల మేతకై విడిచిన బంచరాయి ఉండెడిది. గుట్టల క్రింద కంచెలు, చెరువు వెనుక శిఖము నేలలు ఉండెడివి. వానకాలమున పశువులు, గొఱ్ఱెలు అచ్చటనే మేసెడివి. రాత్రివేళ అదే పచ్చికపై కుందేళ్లు, జింకలు తిరిగెడివి. కౌజుపిట్టలు గడ్డి దుబ్బుల నడుమ గ్రుడ్లు పెట్టెడివి. పగలు మన మందలకు, రాత్రి అడవి మందలకు ఆ నేల ఉమ్మడి ఆస్తిగా నుండెను.

కాలక్రమమున ఆ నేలలో కొంత సాగులోనికి పోయినది. కొంత ఇండ్ల స్థలములైనది. కొంత రాతి క్వారీల పాలైనది. హైదరాబాదునకు దగ్గరనున్న గ్రామములలో ప్లాట్ల బేరము మిగిలినదానిని కూడ చుట్టుముట్టినది. మిగిలిన చోట సర్కారు తుమ్మ దట్టముగా అల్లుకొని, దాని క్రింద గడ్డిపరక మొలవని స్థితి కలిగినది. జీవులు మాత్రము అక్కడనే ఉన్నవి. వాటి పళ్లెమును మనము తీసివేసితిమి గనుక మన పళ్లెము వైపు వచ్చుచున్నవి.

ఇతర దేశముల పద్ధతి మనకు సరిపడదు

అమెరికా, ఐరోపా దేశములలో అడవి జింకలకొరకు మేతమళ్లు వేయు ఆచారము కలదు. అచ్చట పచ్చిక బయలును మందుకొట్టి చంపి, దున్ని, క్లోవరు, టర్నిపు వంటి మొక్కలను విత్తుదురు. ఆ దేశములలో జీవులకు కరువుకాలము చలికాలము. మంచు క్రింద మేత దొరకదు గనుక ఆ పద్ధతి అక్కడ పుట్టినది.

మన కరువుకాలము వేసవి. ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు నేల మాడిపోవును. సంవత్సరమునకు సుమారు 600 నుండి 800 మిల్లీమీటర్ల వాన, అదియు నాలుగు మాసములలో కురియును. ఎఱ్ఱ చెలక, దుబ్బనేలలో తేమ నిలువదు. ఇట్టిచోట నేలను తిరుగవేసి మెత్తని మేత విత్తినచో అది కార్తీకమునకే ఎండిపోవును. వేసవిలో అచ్చట మిగులునది దుమ్ము మాత్రమే. వేళ్లు లోతునకు పోవు మన మెట్టగడ్డి దుబ్బులు మాత్రము ఎండిపోయియు బ్రతికియుండును. తొలకరి జల్లు పడిన వారము దినములలో చిగిర్చును. మెట్టనేలకు అదియే మూలధనము.

మూడుచోట్ల నేర్చుకొనదగిన పాఠములు

మొదటిది మన దగ్గరలోనిదే. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి ప్రక్కన వనస్థలిపురమువద్ద మహావీర్ హరిణ వనస్థలి కలదు. ఇది నిజాము కాలమున వేటకై ప్రత్యేకించిన స్థలము. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వత్సరమగు 1975లో దీనికి ఆ పేరు పెట్టి కృష్ణజింకలకు ఆశ్రయముగా చేసిరి. 1994లో ఇది జాతీయ ఉద్యానవనమైనది. దీని విస్తీర్ణము సుమారు 3,600 ఎకరములు. పట్టణము నలువైపుల పెరిగినను, గడ్డియు, పొదలును, నీరును, రక్షణయు కలిసియున్నందున కృష్ణజింకలు అచ్చట నిలిచినవి. నేలను కాపాడినచో జీవి నిలుచునని ఇది మనకు నేర్పు పాఠము.

రెండవది కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు. బట్టమేక పిట్ట అను అరుదైన పెద్ద పక్షి రక్షణకై 1988లో 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డినేలను అచ్చట అభయారణ్యముగా ప్రకటించిరి. రక్షణ దొరికినందున కృష్ణజింకలు వందల సంఖ్యకు పెరిగినవి. పెరిగిన జింకలు చుట్టుప్రక్కల చేలమీద పడగా రైతులకు అసంతృప్తి కలిగినది. బట్టమేక పిట్టలు మాత్రము క్రమముగా తగ్గి అచ్చట దాదాపు కనుమరుగైనవి. కేవలము కొంత నేల చుట్టు హద్దు గీచినంత మాత్రమున పని ముగియదని, చుట్టునున్న రైతు మనస్సును కూడ కాపాడవలెనని ఇది మనకు నేర్పు పాఠము. అందుచేతనే, మేతనేల పైరు నష్టమును పూర్తిగా మాన్పునని ఎవరును గ్రామసభలో మాట ఇవ్వరాదు.

మూడవది అమ్రాబాద్. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యములో తెలంగాణ వైపు భాగము అమ్రాబాద్ పులుల అభయారణ్యముగా వేరుపడినది. అది నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల నల్లమల అడవులలో నున్నది. అచ్చట అటవీశాఖవారు చుక్కల జింకలకు, కణుతులకు మేత కలిగించుటకై అడవి నడుమనున్న బయళ్లలో కలుపును తొలగించి, జీవులు ఇష్టపడు స్థానిక గడ్డిజాతులను పెంచుచున్నారు. అడవిని ఎరిగిన చెంచులు ఈ పనిలో తోడుగా నున్నారు. గడ్డిని గుర్తుపట్టువారి సాయము లేక గడ్డిపని సాగదని ఇది మనకు నేర్పు పాఠము.

మొదట చూపు, తరువాత నాగలి

కొంతకాలము క్రిందట మేము ఒక గ్రామమునకు పోయియుంటిమి. అచ్చటి పెద్దలు మంచి ఉద్దేశముతో బంచరాయినంతయు ట్రాక్టరుతో దున్నించి, కొనుక్కువచ్చిన విత్తనము చల్లించిరి. వాన ఆలస్యమైనది. మొలిచినది కొంచెము, మొలిచిన దానిలో ముప్పాతిక వయ్యారిభామ. దున్నక ముందు అచ్చట గొఱ్ఱెలు మెచ్చి మేయు గడ్డి యుండెనని ఒక వృద్ధ గొల్ల మాకు చెప్పెను. “అడిగియుంటే చూపెట్టుదును గదా” అనెను. ఆయనను ఎవరును అడుగలేదు.

కావున మొదటి సంవత్సరము వానకాలమున ఏ పనియు తలపెట్టక నేలను చూడవలెను. భాద్రపద, ఆశ్వయుజ మాసములలో గడ్డి వెన్ను తీయును. వెన్ను ఉన్నప్పుడే ఏ గడ్డి ఏదియో తెలియును. ఇద్దరు ముగ్గురు అనుభవముగల కాపరులను, ఒక పశువైద్యుని లేక వ్యవసాయ విస్తరణాధికారిని, ఒక అటవీ ఉద్యోగిని వెంటబెట్టుకొని నేలనంతయు నడువవలెను. పశువు మెచ్చి తిను గడ్డి ఏది, మూతి పెట్టని గడ్డి ఏది, ఎచ్చట నేల ఒట్టిగా పడియున్నది, ఎచ్చట నీరు నిలుచుచున్నది, ఇవన్నియు కాగితముపై గుర్తించుకొనవలెను.

పోచంపల్లి నేతగాండ్రకు ఈ మాట సులభముగా తెలియును. చీరమీది రంగు మగ్గమువద్ద పుట్టదు. నేతకు ముందే, రంగులో ముంచుటకు ముందే, నూలును లెక్కప్రకారము చిటికి కట్టుటలోనే దాని స్వరూపము నిర్ణయమగును. ఆ కట్టు తప్పినచో మగ్గముపై దిద్దుట కుదరదు. గడ్డినేల విషయమున ఈ మొదటి ఏటి పరిశీలన అట్టిదే.

స్థలము ఎన్నుకొనుట

స్థలము పంటచేలకు ఆనుకొని యుండరాదు. చేను గట్టునకే మేత పెట్టినచో జీవులను మనమే పిలిచి చేను చూపినట్లగును. గుట్టలకు, అడవికి దగ్గరగా, చేలకు వీలైనంత దూరముగా నుండవలెను. జీవులు అడవినుండి మేతనేలకు వచ్చు త్రోవలో చేలు అడ్డు రాకూడదు. పెద్ద రహదారికి దగ్గర కూడ పనికిరాదు. వాహనముల క్రింద జీవులు చచ్చును, మనుష్యులకును ప్రమాదము.

మొదట రెండు మొదలు ఐదు ఎకరములతో ఆరంభించుట మేలు. ఫలితమును చూచిన పిమ్మట పెంచవచ్చును.

ఒక హెచ్చరిక. భూదానములో వచ్చిన భూమిని దీనికి వినియోగింపరాదు. 1965 నాటి భూదాన, గ్రామదాన చట్టము ఆ భూమిని భూమిలేని పేదలకొరకు ఉద్దేశించినది. పేదకు రావలసిన నేలను జింకకు ఇచ్చుట ధర్మము కాదు, చట్టమును కాదు.

కలుపు తొలగించుట

సర్కారు తుమ్మను నరికినంత మాత్రమున లాభము లేదు. మోటునుండి పది కొమ్మలు లేచును. వానలు పడి నేల మెత్తబడినప్పుడు, మొదలు క్రింది ముడివరకు త్రవ్వి వేరుతో పెల్లగింపవలెను. దాని కాయలను మేకలు, గొఱ్ఱెలు తినుటచేత గింజలు పెంటికలలో వచ్చి మరల మొలుచును. అందుచేత రెండు మూడు ఏండ్లపాటు మొలకలను ఏరివేయుచుండవలెను.

అయితే ఆ తుమ్మయే అనేక బీదకుటుంబములకు వంటచెరకు. అది ఒక్కసారిగ మాయమైనచో ఆ ఇండ్ల పొయ్యి ఆరును. కావున ఏటికి ఒక భాగము చొప్పున తీయవలెను. తీసిన కట్టెను ముందుగా ఆ కుటుంబములకే పంచవలెను. పెల్లగించు కూలిపని కూడ వారికే దక్కునట్లు చూడవలెను.

వయ్యారిభామను పూతకు రాకముందే వేరుతో పీకవలెను. పూత వచ్చిన పిమ్మట పీకినచో గింజ రాలి పని రెట్టింపగును. దాని పుప్పొడివలన దురద, దద్దురులు, ఉబ్బసము కలుగును గనుక చేతులకు తొడుగులు, ముఖమునకు గుడ్డ తప్పనిసరి. లాంటానా పొదలను కూడ మొదలంట తీసివేయవలెను. రేగు, పరికి, బలుసు, కలివి వంటి పొదలను మాత్రము ముట్టరాదు. వాటి పండ్లు పక్షులకు, నక్కలకు ఆహారము. వాటి ముండ్లు చిన్న జీవులకు కోట.

కలుపును చంపుటకు మందులు కొట్టించుట ఈ నేలలో తగదు. ఆ మందు మంచి గడ్డిని కూడ చంపును. కడిగిన నీరు చెరువు చేరును.

విత్తనము

ఒట్టిగా పడియున్న చోట్ల మాత్రమే విత్తవలెను. విత్తనమును దూరమునుండి తెప్పించుటకంటె, అదే గ్రామపు గుట్టమీద, చెరువు కట్టమీద పండిన గడ్డి విత్తనమును సేకరించుట మేలు. కార్తీక మాసమున వెన్నులు పండి రాలుటకు సిద్ధముగా నున్నప్పుడు చేతితో దూసి, నీడలో ఆరబెట్టి, గోనె సంచులలో పొడిచోట నిలువచేయవలెను. మహిళా సంఘముల సభ్యులు ఈ పనిని చక్కగా చేయగలరు.

చెలక నేలలకు అంజన్ గడ్డి చాల అనుకూలమైనది. బెట్టకు తట్టుకొనును, ఒకసారి పాదుకొనినచో ఏండ్ల తరబడి నిలుచును. దీని విత్తనము కోసిన వెంటనే సరిగా మొలువదు. కార్తీకములో కోసి తొలకరివరకు నిలువయుంచినచో మొలక శక్తి పెరుగును. ఎకరమునకు రెండు కిలోల విత్తనము చాలును. తేమగల నేలలో గరికను పిలకలతో నాటవచ్చును.

గడ్డిగింజ తేలికయైనది, గాలికి ఎగిరిపోవును, చీమలు మోసికొనిపోవును. కావున ఎఱ్ఱమన్ను, పశువుల పేడ, కొంచెము ఇసుక కలిపి, ఆ ముద్దలో గింజలను చేర్చి, చిన్న చిన్న ఉండలుగా చేసి నీడన ఆరబెట్టవలెను. రోహిణి కార్తెలో ఉండలు సిద్ధముగా నుండవలెను. మృగశిర కార్తెలో మొదటి మంచి పదును వానకు చల్లవలెను. ఒట్టినేలను గొఱ్ఱుతో పైపైన గీరి చల్లినచో చాలును. గింజ లోతునకు పోయినచో మొలువదు. అర అంగుళము మించి మన్ను కప్పరాదు. వాలుగానున్న చోట వాలునకు అడ్డముగా రాళ్లు పేర్చినచో మన్నును, గింజయును కొట్టుకొనిపోవు.

దున్నదగిన పదవ పాలు

మేతనేలలో పదింట ఒక పాలు దున్ని చిన్న మడిగా చేయవచ్చును. గడ్డి ఉన్నచోటు విడిచి, పాత సాగునేలయో, తుమ్మ పెల్లగించిన చోటో దీనికి ఎన్నుకొనవలెను. అచ్చట పిల్లిపెసర, ఉలవ, బొబ్బర, అనుము, సజ్జ, కొఱ్ఱ కలిపి చల్లవచ్చును. పప్పుజాతి మొక్కలు నేలకు బలము నిచ్చును. గింజలు పక్షులకు మేత. పునర్వసు, పుష్యమి కార్తెలలో విత్తినచో గడ్డి ముదిరి గరుకెక్కు సమయమునకు ఈ మడి పచ్చగా నుండును.

జొన్నను గురించి ఒక మాట. లేతగా నున్నప్పుడును, బెట్టకు వాడినప్పుడును జొన్నపైరులో విషము పెరుగునని పశువుల కాపరులందరికి తెలియును. అడవి జీవులు మేయు మడిలో దానిని విడిచిపెట్టుటయే మంచిది.

వేరుసెనగ, మొక్కజొన్న, చిలగడదుంప ఎన్నడును వేయరాదు. అవి అడవిపందులకు ఆహ్వాన పత్రికలు. పురుగుమందు పట్టించిన విత్తనమును చల్లరాదు. ఏరుకొని తిను నెమళ్లు చచ్చును.

మొక్కలు నాటుట గురించి కూడ చెప్పవలెను. 2015లో హరితహారము మొదలైన నాటినుండి, 2020లో పల్లె ప్రకృతి వనములు వచ్చిన పిమ్మటను, మొక్కలు నాటుట మన పంచాయతీలకు అలవాటైనది. అది మంచిదే. కాని గడ్డినేలను ఖాళీ నేలగా భావించి దానినిండ నాటుట తగదు. దట్టమైన నీడలో మెట్టగడ్డి బ్రతుకదు. అంచులయందు ఇప్ప, మోదుగ, రేగు, మేడి చెట్లను విడివిడిగా నాటినచో చాలును.

నీరు, నిప్పు, కుక్క

వేసవిలో జీవులు ఊరిలోనికి వచ్చుటకు ఆకలికంటె దప్పిక పెద్ద కారణము. మేతనేలలో లోతు తక్కువగల నీటిగుంట ఒకటి తప్పక ఉండవలెను. పళ్లెము ఆకారమున, నలువైపుల ఏటవాలుగా కట్టినచో పిల్లజీవులు పడినను తిరిగి ఎక్కిరాగలవు. నల్లగొండ ప్రాంతమున అనేకచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. అది మనుష్యుల ఎముకలనేగాక పశువుల ఎముకలను, పండ్లను కూడ పాడుచేయును. కావున వాననీరు చేరునట్లు గుంటను ఏర్పరచుట మేలు. దగ్గరలో ఒరలేని పాడుబావి యున్నచో దానికి ముందుగా గోడ కట్టించవలెను.

ఎండిన గడ్డికి నిప్పు పెట్టినచో కొత్త చిగురు వచ్చునని కొందరు తగులబెట్టుదురు. ఆ నిప్పులో నేలమీద పెట్టిన గ్రుడ్లు, కుందేటి పిల్లలు, రాలిన విత్తనము, చిన్న మొక్కలు అన్నియు బూడిదయగును. వేసవి మేత కూడ పోవును. మాఘమాసము లోపల మేతనేల చుట్టు మూడు నాలుగు గజముల వెడల్పున గడ్డిని చెక్కివేసి అగ్నిరేఖ తీయవలెను. నిప్పు కనబడినచో ఎవరికి కబురు చేయవలెనో ముందే నిర్ణయించుకొనవలెను.

ఊరకుక్కల గుంపులు జింకలను తరిమి చంపుట తరచు జరుగుచున్నది. చచ్చిన పశువులను మేతనేల దగ్గర పారవేయరాదు. దానివలననే కుక్కలు చేరును. కుక్కలకు పిచ్చికుక్క రోగపు టీకాలు, గొఱ్ఱెలకు పారుడు రోగము టీకాలు, పశువులకు గాలికుంటు టీకాలు సకాలమున వేయించినచో మందలనుండి అడవి జీవులకు రోగములు సోకు భయము తగ్గును.

గొల్ల కురుమల మాట

బంచరాయిని మూసివేసినచో ముందుగా నష్టపోవునది గొఱ్ఱెల కాపరి. ఆయనకు వేరు నేల లేదు. ఆయనను కాదని పెట్టిన కంచె ఒక్క రాత్రిలో తెగును. తెగుటలో ఆశ్చర్యమును లేదు. కావున గొల్ల, కురుమ, లంబాడా కాపరులను గ్రామసభకు పిలిచి, వారి సమ్మతితోనే హద్దు నిర్ణయించవలెను.

నేలను నాలుగు భాగములు చేసి, ఏటికి ఒక భాగమును మాత్రమే పూర్తిగా మూయవలెను. మిగిలిన మూడు భాగములు మందలకు తెరచియే ఉండవలెను. మూసిన భాగములో మొదటి వానకాలమున మంద అడుగు పెట్టరాదు. రెండవ ఏట గింజ రాలిన పిమ్మట గడ్డిని కోసికొని పోనీయవచ్చును. మూడవ ఏట కార్తీకము తరువాత కొద్దిపాటి మేపునకు అనుమతింపవచ్చును. కోయునప్పుడు అంతయు నేలమట్టముగ కోయరాదు. కొంతభాగము నాలుగు వ్రేళ్ల ఎత్తున కోసి, కొంత నిలువుగా విడువవలెను. జింకలు పొట్టి పచ్చికను ఇష్టపడును. కుందేళ్లు, కౌజులు పొడుగు గడ్డిలో దాగును. రెండును ఉన్నప్పుడే నేల నిండుగా నుండును.

మూడేండ్ల పిమ్మట ఆ భాగములో గడ్డి పెరిగినచో, కాపరియే మొదటి లాభము పొందును. ఈ మాటను ఆయనకు చెప్పుట కాదు, చూపవలెను.

చట్టము, తీర్మానము

బంచరాయి ప్రభుత్వ భూమి. పంచాయతీ దానికి కావలిదారు. పని మొదలుపెట్టుటకు ముందు గ్రామసభ తీర్మానము చేసి, తహసీల్దారువద్ద సర్వే నంబరు, హద్దులు నిర్ధారణ చేయించుకొనవలెను. ఆక్రమణలున్నచో చట్టప్రకారమే తొలగింపవలెను. గ్రామ ఉమ్మడి భూముల అక్రమ ఆక్రమణలను తొలగించుటకు పథకములు రూపొందించవలెనని 2011వ సంవత్సరము జనవరి 28వ తేదీన సుప్రీంకోర్టు రాష్ట్రములన్నింటిని ఆదేశించినది. ఆ తీర్పు పంచాయతీలకు అండ.

జీవవైవిధ్య చట్టము, 2002 ప్రకారము ప్రతి స్థానిక సంస్థయందును జీవవైవిధ్య నిర్వహణ సంఘము ఉండవలెను. గ్రామమునందలి మొక్కలు, జీవులు, వాటిని గురించి ప్రజలకుగల తెలివిడి వ్రాయు రిజిస్టరు ఆ సంఘము బాధ్యత. మేతనేల పనిని ఆ సంఘమునకు అప్పగించుట సమంజసము.

వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము కృష్ణజింకయు, నెమలియు మొదటి షెడ్యూలులోనివి. వాటిని చంపినవారికి మూడేండ్లనుండి ఏడేండ్లవరకు జైలుశిక్ష పడును. మేతనేలను వేటకు ఎరగా వాడుట ఘోరమైన నేరము. పైరు కాపాడుటకని చేను చుట్టు కరెంటు తీగ లాగుట కూడ నేరమే. ఆ తీగకు జీవియేగాక, తెల్లవారుజామున నీరు కట్టుటకు పోయిన పొరుగు రైతు కూడ బలియగుచున్నాడు. పైరు నష్టము జరిగినప్పుడు వెంటనే అటవీశాఖకు దరఖాస్తు పెట్టించి, నష్టమును చూపించి, పరిహారము కోరుటలో పంచాయతీ సభ్యులు రైతునకు తోడుపడవలెను. నారాయణపేట జిల్లాలో కృష్ణా, మాగనూరు, మక్తల్ మండలముల రైతులు కృష్ణజింకల మందలవలన పడుచున్న బాధ అందరికి తెలిసినదే. రైతు కన్నీరు తుడువని గ్రామములో జింకకు మేత పెట్టినను అది ఎంతోకాలము నిలువదు.

లెక్క తప్పరాదు

పని ఫలించుచున్నదా లేదా అనునది కంటిచూపుతో చెప్పుట కష్టము. దీనికి సులభమైన ఉపాయము కలదు. మేతనేలలో మూడు నాలుగుచోట్ల గజము చదరముగా ముండ్ల కంపతో చిన్న కంచెలు వేయవలెను. లోపలి గడ్డిని ఏ జీవియు ముట్టదు. మాసమునకు ఒకసారి లోపలి గడ్డి ఎత్తును, బయటి గడ్డి ఎత్తును కొలిచి వ్రాయవలెను. తేడా ఎక్కువైనచో మేపు ఎక్కువగుచున్నదని, రెండును పెరుగనిచో విత్తనమో నేలయో లోపమని తెలియును. పాఠశాల పిల్లలచే ఈ పని చేయించినచో వారికిని పాఠమగును.

అదే పుస్తకములో మరొక పుట పైరు నష్టమునకు ఉంచవలెను. ఏ చేను, ఏ పైరు, ఏ జీవి, ఏ రాత్రి అని వ్రాయవలెను. మేతనేల వేసిన పిమ్మట చుట్టు చేలలో నష్టము తగ్గినదా, పెరిగినదా, మారలేదా అనునది మూడేండ్ల లెక్క చెప్పును. పెరిగినచో స్థలము తప్పుగా ఎన్నుకొంటిమని ఒప్పుకొని, దున్నిన మడిని ముందుగా మానివేయవలెను. తప్పు ఒప్పుకొనుట పంచాయతీకి చిన్నతనము కాదు.

సభ్యులారా, ఈ పనిలో ప్రారంభోత్సవపు శిలాఫలకమునకు చోటు లేదు. మొదటి ఏడు చూపుట, రెండవ ఏడు కలుపు, మూడవ ఏడు పచ్చిక. ఈలోపల పంచాయతీ కాలపరిమితి ముగియవచ్చును. విత్తినవారొకరు, చూచువారొకరు కావచ్చును. అయినను గ్రామపు ఉమ్మడి నేలను బాగుపరచి తరువాతివారి చేతికి అప్పగించుటకంటె పంచాయతీ సభ్యునకు తగిన పని మరొకటి లేదు.

రాబోవు గ్రామసభలో ఈ సంగతిని చర్చకు పెట్టుడు. తీర్మానము వ్రాయుటకు ముందు ఊరిలోని వృద్ధ కాపరిని ఒకసారి బంచరాయికి తీసికొనిపోయి, “ఇక్కడ ఏ గడ్డి ఉండెడిది?” అని అడుగుడు. ఆయన చూపిన చోటనే పని మొదలుపెట్టుడు.